హైదరాబాదు విమానాశ్రయ మెట్రో ప్రతిపాదనలు

హైదరాబాదు విమానాశ్రయ మెట్రో అనునది తెలంగాణ రాజధాని హైదరాబాదు నగరములోని మెట్రో రైలు మార్గములను శంషాబాదు వద్ద గల రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయముతో అనుసంధానము చేయుటకు ఉద్దేశింపబడిన ప్రణాళిక. ఇందుకై రెండు వేర్వేరు మార్గములు ప్రతిపాదింపబడినవి. మొదటిది నగరపు పడమటి అంచున రాయదుర్గము నుండి బాహ్యవలయ రహదారి వెంబడి సాగునది. రెండవది తూర్పున నాగోలు నుండి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా సాగునది. ఈ రెంటిలో ఏది మేలు అన్నది, విస్తరణ వ్యయమును ఎవరు భరించవలెనన్నది ముఖ్యమైన చర్చాంశములు.

నేపథ్యము

2008 మార్చి వరకు నగరములోని పౌర విమాన సేవలు బేగంపేట నుండి నడిచెడివి. ఆ నెల 23న శంషాబాదు విమానాశ్రయములో రాకపోకలు మొదలగుటతో బేగంపేటలో వాణిజ్య విమానములు నిలిచిపోయినవి. నగరము నడిబొడ్డున ఉండిన విమానాశ్రయము సుమారు 24 కి.మీ. దూరమునకు తరలిపోవుటతో ప్రయాణ సౌకర్యము సమస్యగా మారినది. దీని పరిష్కారమునకై మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కి.మీ. పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గము నిర్మింపబడి, 2009 అక్టోబరులో ప్రారంభమైనది. ఆర్టీసీ ప్రత్యేక బస్సులను నడిపినది. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళను తరువాతి దశలో ఫలక్‌నుమా నుండి విమానాశ్రయ సమీపములోని ఉందానగర్ వరకు పొడిగించిరి కాని, రైలు విమానాశ్రయము లోపలికి చేరలేదు.

మెట్రో మొదటి దశ

మెట్రో నిర్మాణమునకు 2008లో ఎంపికైన మేటాస్ బృందముతో కుదిరిన ఒప్పందము, సత్యం కుంభకోణము తరువాత 2009లో రద్దయినది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి సంస్థతో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో కొత్త ఒప్పందము జరిగినది. 2017 నవంబరు 28న మియాపూర్ - నాగోలు మార్గమును ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించెను. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ - మహాత్మా గాంధీ బస్ స్టేషన్ భాగము మొదలగుటతో సుమారు 69 కి.మీ. పొడవున మూడు మార్గములు వాడుకలోనికి వచ్చినవి.

ఈ మూడింటిలో ఏదియు విమానాశ్రయమును చేరలేదు. పైగా, తొలి ప్రణాళికలో ఉండిన మహాత్మా గాంధీ బస్ స్టేషన్ - ఫలక్‌నుమా భాగము (5.5 కి.మీ.) నిర్మాణము కానందున పాతబస్తీకి మెట్రో అందలేదు. తరువాతి కాలపు వాదములన్నిటికి ఈ రెండు లోపములే మూలము.

రాయదుర్గము మార్గము (2022)

2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు రాయదుర్గము వద్ద విమానాశ్రయ ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన చేసెను. పొడవు 31 కి.మీ., అంచనా వ్యయము రూ. 6,250 కోట్లు. వ్యయమును పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వమే భరించునట్లు ప్రకటింపబడినది.

ఈ మార్గమును సమర్థించినవారి వాదన ప్రకారము, విమాన ప్రయాణికులలో అధికులు సాఫ్ట్‌వేర్ సంస్థలు గల పడమటి ప్రాంతము వారు. బాహ్యవలయ రహదారి పక్కన స్థలము సిద్ధముగా ఉన్నందున భూసేకరణ స్వల్పము. స్టేషన్లు తక్కువగుట వలన రైలు వేగముగా పోవును. విమర్శకుల వాదన వేరు. ఆ దారిలో ఇప్పటికే వేగవంతమైన రహదారి కలదు, జనసాంద్రత తక్కువ, సొంత కారు లేని తూర్పు, దక్షిణ ప్రాంతముల ప్రజలకు దాని వలన లాభము లేదు అని వారు ఎత్తిచూపిరి.

నాగోలు మార్గము (2024)

2023 డిసెంబరులో అధికారము చేపట్టిన ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి ప్రభుత్వము రాయదుర్గము మార్గమును రద్దుచేసినది. దానికి బదులుగా రెండవ దశ ప్రణాళికను రూపొందించి 2024 నవంబరులో కేంద్రమునకు పంపినది. ఇందులోని ఐదు మార్గములు ఇవి:

* నాగోలు - శంషాబాదు విమానాశ్రయము: 36.8 కి.మీ.
* రాయదుర్గము - కోకాపేట నియోపోలిస్: 11.6 కి.మీ.
* మహాత్మా గాంధీ బస్ స్టేషన్ - చాంద్రాయణగుట్ట: 7.5 కి.మీ.
* మియాపూర్ - పటాన్‌చెరు: 13.4 కి.మీ.
* ఎల్.బి.నగర్ - హయత్‌నగర్: 7.1 కి.మీ.

మొత్తము పొడవు 76.4 కి.మీ., అంచనా వ్యయము రూ. 24,269 కోట్లు. విమానాశ్రయ మార్గము నాగోలు, ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్టల వద్ద మిగిలిన మార్గములతో కలియును. కావున నగరములోని ఏ దిక్కు నుండి అయినను మెట్రోలోనే విమానాశ్రయము చేరవచ్చునని ప్రభుత్వ వాదన. అయితే రాయదుర్గము నుండి బయలుదేరు ప్రయాణికుడు కనీసము ఒక చోట రైలు మారవలసివచ్చును. పాత ప్రతిపాదనలో ఆ అవసరము లేదు. సామానుతో ప్రయాణించువారికి ఇది చిన్న విషయము కాదు.

పాతబస్తీ సమస్య

2024 మార్చి 8న పాతబస్తీ మార్గమునకు శంకుస్థాపన జరిగినది. దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా పోవు ఈ దారి ఇరుకైనది. రహదారి వెడల్పు చేయుటకు సుమారు 1,100 ఆస్తులపై ప్రభావము పడునని అంచనా వేయబడినది. 2025 జనవరి నుండి నష్టపరిహారపు చెక్కుల పంపిణీ మొదలైనది. తరతరములుగా అచ్చటనే ఇండ్లు, దుకాణములు గలవారికి పరిహారము సరిపోవునా, చారిత్రక కట్టడములకు హాని కలుగదా అను ప్రశ్నలు తలెత్తినవి. మరొక వైపు, మెట్రో లేకపోవుటయే పాతబస్తీకి జరిగిన అన్యాయమని వాదించువారును కలరు.

వ్యయము, యాజమాన్యము

రెండవ దశ వ్యయములో రాష్ట్రము 30 శాతము, కేంద్రము 18 శాతము భరించవలెనని, 48 శాతము రుణముల ద్వారా, మిగిలిన 4 శాతము ప్రైవేటు భాగస్వామ్యము ద్వారా సమకూర్చవలెనని ప్రతిపాదన. మొదటి దశ ప్రైవేటు సంస్థ చేతిలోను, రెండవ దశ ప్రభుత్వముల చేతిలోను ఉన్నచో రెంటిని కలిపి నడుపుట ఎట్లన్నది చిక్కుప్రశ్నగా మారినది. నష్టములను చూపుచు ఎల్ అండ్ టి తప్పుకొనుటకు సిద్ధపడినది. 2025 మేలో గరిష్ఠ ఛార్జీ రూ. 60 నుండి రూ. 75కు పెరిగి, విమర్శల పిమ్మట రూ. 69కి తగ్గినది. 2025 సెప్టెంబరులో సుమారు రూ. 13,000 కోట్ల రుణభారముతో సహా మొదటి దశను రాష్ట్రమే తీసుకొనుటకు సూత్రప్రాయమైన అంగీకారము కుదిరినది.

ఇతర నగరముల అనుభవము

ఢిల్లీలో 22.7 కి.మీ. విమానాశ్రయ మార్గము 2011 ఫిబ్రవరిలో ప్రైవేటు నిర్వహణలో మొదలైనది. సాంకేతిక లోపముల వలన 2012 జూలైలో రైళ్ళు నిలిచినవి. 2013లో ప్రైవేటు సంస్థ తప్పుకొనగా, ఢిల్లీ మెట్రో సంస్థయే దానిని చేపట్టినది. చెన్నైలో ప్రత్యేక మార్గము కాక సాధారణ మెట్రో మార్గమునే 2016లో విమానాశ్రయము వరకు పొడిగించిరి. దారి పొడవునా నివసించువారు కూడ ఆ రైలును వాడుకొనుచున్నారు. నాగోలు మార్గపు ఆలోచన ఈ రెండవ పద్ధతికి దగ్గరైనది.

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ మెట్రో ప్రతిపాదనలో కూడ విమానాశ్రయము గల గన్నవరము వరకు మార్గము చేర్చబడినది. అచ్చట 2017 ప్రాంతములో సాధారణ మెట్రోకు బదులు తక్కువ వ్యయముతో కూడిన లైట్ మెట్రో పరిశీలింపబడినది. 2017 నాటి జాతీయ మెట్రో రైలు విధానము ప్రకారము, కేంద్ర సహాయము కోరు నగరములు ఇట్టి ప్రత్యామ్నాయములను ముందుగా బేరీజు వేయవలెను.

ఇవి కూడా చూడండి

* హైదరాబాదు మెట్రో
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము
* హైదరాబాదు ఎం.ఎం.టి.ఎస్.