నీళ్లు నేర్పిన దారి

మౌంటెన్ బైక్ ఎలా పుట్టిందో చాలామంది రాశారు. అది పరిగెత్తే బాట ఎలా పుట్టిందో రాసినవాళ్లు తక్కువ. బండి సంగతి పదేళ్లు తిరక్కుండానే ఒక కొలిక్కి వచ్చింది. బాట సంగతి తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అందులో చాలా కాలం, కట్టిన బాటను కట్టినవాళ్లే తవ్వి మళ్లీ కట్టుకోవడంలోనే గడిచింది.

బండి కథ ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండ మీద కొందరు కుర్రాళ్లు సైకిల్ పందెం పెట్టుకున్నారు. అవి లావు టైర్ల పాత సైకిళ్లు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. రెండు మైళ్లకు పైబడిన దూరంలో 1,300 అడుగుల కిందికి దిగాలి. బ్రేకు పట్టీపట్టీ కింద చేరేసరికి చక్రం ఇరుసులోని గ్రీజు కాగి పొగై పోయేది. హబ్ విప్పి మళ్లీ గ్రీజు కూరితే గాని ఇంకో పరుగుకు బండి పనికిరాదు. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు పడింది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ అక్కడివాళ్లే. ఏడాది తిరిగాక బ్రీజ్ ఈ పనికోసమే కొత్త ఫ్రేములు అతకడం మొదలుపెట్టాడు. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి 'మౌంటెన్‌బైక్స్' అని కొట్టు తెరిచారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మింది.

కానీ రీప్యాక్ జరిగింది వాళ్ల దారి మీద కాదు. అడవికి నిప్పంటుకుంటే ట్రక్కులు వెళ్లడానికి వేసిన మట్టిరోడ్డు అది. సైకిళ్లు పెరిగేకొద్దీ జనం నడకవాళ్ల కాలిబాటల్లోకి, గుర్రాల బాటల్లోకి దూరారు. ఫిర్యాదులు మొదలయ్యాయి. 1984లో అమెరికా అటవీ శాఖ 'వైల్డర్‌నెస్'గా ప్రకటించిన అడవుల్లో సైకిళ్లను నిషేధించింది. 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కొన్ని కలిసి 'ఇంబా' అన్న అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నాయి. మొదట దాని పని ఒక్కటే, ఉన్న బాటలు మూతపడకుండా చూసుకోవడం.

చక్రం నేలను కోసేస్తోందన్నది వాళ్ల మీద ప్రధాన అభియోగం. 1994లో మోంటానాలో విల్సన్, సీనీ అనే ఇద్దరు పరిశోధకులు నడక, గుర్రం, మోటారు సైకిల్, సైకిల్ నాలుగింటినీ బాటల మీద పరీక్షించి చూశారు. తడిపిన బాట మీద గుర్రపు డెక్కలూ మనుషుల కాళ్లూ చక్రాలకంటే ఎక్కువ మట్టిని కదిలించాయని తేలింది. సైకిల్ వాళ్లకు ఇది ఊరటే. కానీ చిక్కు తీరలేదు. బాటలు చెడిపోతున్న మాట నిజం. చెడగొట్టేది చక్రం కాకపోతే మరేది?

దీనికి జవాబు ఎలా దొరికిందో తెలియాలంటే కెనడా వెళ్లాలి. వాంకూవర్ నగరానికి ఉత్తరాన, బరార్డ్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ అవతల, సైప్రెస్, ఫ్రోమ్, సేమూర్ అనే మూడు కొండలున్నాయి. ఆ ప్రాంతాన్ని నార్త్ షోర్ అంటారు. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోటు. దాదాపు నూరేళ్ల కింద అక్కడి మహావృక్షాలను నరికేశారు. మనిషి కంటే ఎత్తయిన మొద్దులు, దుంగలు ఈడ్చుకెళ్లిన పాత దారులు ఇప్పటికీ ఉన్నాయి. 1980లలో సైకిల్ వాళ్లు ఆ దారుల్లోకి దిగారు. నేలంతా వేళ్లు, బండలు, నల్లటి బురద. తొక్కడం సాధ్యం కాని చోట్లే ఎక్కువ.

'డిగ్గర్' అని అందరూ పిలిచే టాడ్ ఫియాండర్ ఆ బురదకు ఒక ఉపాయం కనిపెట్టాడు. కిందపడి ఉన్న సెడార్ దుంగలను చీల్చాడు. సెడార్ సమంగా చీలుతుంది, తొందరగా పుచ్చదు. చీలికలను నిచ్చెన మెట్ల లాగా అడ్డంగా కొట్టి బురద మీదుగా వంతెన వేశాడు. బురద దాటించడానికి పుట్టిన ఆ వంతెన చూస్తుండగానే ఆటవస్తువైంది. ఎత్తు పెరిగింది, వెడల్పు తగ్గింది. 'డేంజరస్ డాన్' కోవన్ తన ఫ్లయింగ్ సర్కస్ బాటలో అరచెయ్యంత వెడల్పు దుంగల మీద, చెట్ల నడుమ గాలిలో సైకిల్ నడిపించాడు. తూగుడు బల్లలు కూడా వచ్చాయి. చక్రం ఎక్కగానే అవతలి కొస నేలకు వాలుతుంది. ఫియాండర్ ఇవన్నీ వీడియోలు తీసి అమ్మేవాడు. ప్రపంచం నలుమూలలా కుర్రాళ్లు వాటిని చూసి తమ ఊళ్లలో దుంగలు చీల్చారు. ఆ కొండల్లో ఆరితేరిన వేడ్ సిమన్స్ 2001లో యూటా ఎడారిలో జరిగిన మొదటి రెడ్ బుల్ రాంపేజ్ గెలిచాడు.

ఇదంతా అనుమతి లేని పని. నేల వేరేవాళ్లది, కట్టేది ఎవరికీ చెప్పకుండా. అది తప్పని కట్టేవాళ్లకూ తెలుసు. అయినా కట్టారు. నా అభిప్రాయం అడిగితే, అనుమతి కోసం ఆగి ఉంటే ఈ విద్య పుట్టేదే కాదు. అలాగే అనుమతి దాకా వెళ్లకపోయి ఉంటే అది బతికేదీ కాదు.

ఎందుకంటే చెక్కకు ఆయుష్షు ఉంది. సెడార్‌లో పుచ్చును అడ్డుకునే నూనెలు ఎంత ఉన్నా, ఏడాదిలో సగానికి పైగా తడిలో నానుతూ మట్టిని తాకి ఉండే వంతెన కాళ్లు ముందు మెత్తబడతాయి. మేకులు వదులవుతాయి. మెట్ల మీద పాచి పడుతుంది. జారకుండా కోళ్ల గూటికి కొట్టే ఇనప జాలీ పరిచారు, అదీ చిరిగి టైరుకు పట్టుకునేది. 1990ల చివరికి వచ్చేసరికి పడితే చేతులు విరిగే ఎత్తులో పుచ్చిన వంతెనలు అడవినిండా ఉన్నాయి. ఎవడైనా పడి కేసు వేస్తే జవాబు చెప్పాల్సింది నేల యజమాని. అధికారులు వచ్చి కొన్నిటిని రంపాలతో కోసి పడేశారు. నడకవాళ్లలో కొందరికి సైకిళ్ల మీద కోపం. దారికి అడ్డంగా దుంగలు పెట్టేవాళ్లు. ఆ పోరు చాలాకాలం సాగింది. 2015లో రైడర్లే అడవిలో కెమెరాలు కట్టి ఆధారాలు ఇస్తే పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు.

1997లో నార్త్ షోర్ మౌంటెన్ బైక్ అసోసియేషన్ పుట్టింది ఈ నేపథ్యంలోనే. సంఘం పెట్టాక మొదట తెలిసొచ్చిన నిజం చేదైనది. చెక్క ఒక్కటే సమస్య కాదు, బాట వేసిన తీరే సమస్య. పాత బాటలు చాలావరకు కొండ వాలుకు నిట్టనిలువుగా దిగుతాయి. మనిషికి దగ్గరి దారి, నీటికీ అదే దగ్గరి దారి. వాన పడగానే బాట కాలువ అవుతుంది. మట్టి కొట్టుకుపోతుంది, వేళ్లు తేలతాయి. గుంట పడిన చోట రైడరు పక్కకు తప్పుకుంటాడు. ఆ పక్క కూడా బురదవుతుంది, ఇంకొకడు ఇంకా పక్కకు జరుగుతాడు. మూడడుగుల బాట పదిహేనడుగుల బురద అవుతుంది. మోంటానా ప్రశ్నకు జవాబు ఇదే. బాటను చంపేది నీళ్లు. చక్రం వాటికి దారి చూపిస్తుంది, అంతే.

అమెరికాలో ఇంబా వాళ్లు ఇదే పాఠం వేరే దారిలో నేర్చుకున్నారు. 1997 నుంచి ఇద్దరిద్దరు చొప్పున జట్లను కారులో ఊరూరా పంపి క్లబ్బులకు బాటలు కట్టడం నేర్పించారు. ఆ అనుభవం 2004లో 'ట్రైల్ సొల్యూషన్స్' అన్న పుస్తకంగా వచ్చింది. అందులోని మూలసూత్రం మన రైతుకు కొత్తది కాదు. వాలుకు అడ్డంగా దున్నితే మట్టి నిలుస్తుంది, వాలు వెంట దున్నితే పోతుంది.

ఆ సూత్రాన్ని బాటకు పట్టించడంలోనే ఉంది పనితనం. కొండ పక్కవాలు ముప్పై శాతం ఉంటే బాట వాలు పదిహేను దాటకూడదు, అంటే సగానికి మించకూడదు. మించితే పైనుంచి వచ్చే నీరు బాటను అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే పరుగు పెడుతుంది. మొత్తం మీద సగటు వాలు పది శాతం లోపు ఉంచుకోవాలి. కొండను కోసి మెట్టు తీసేటప్పుడు పూర్తి వెడల్పు గట్టినేలలోకే కోయాలి. తవ్విన మట్టిని అంచున పోసి దాని మీద బాట వేస్తే రెండు వానల్లో జారిపోతుంది. ఆ మెట్టు లోయ వైపు ఐదు శాతం ఒంపుగా ఉండాలి. అది కూడా చాలదు. తొక్కీతొక్కీ మధ్యలో గాడి పడుతుంది, అంచున చిన్న గట్టు లేస్తుంది, ఒంపు పోతుంది. అందుకే ఇరవై నుంచి యాభై అడుగులకు ఒకసారి దిగే బాట కాస్త ఎక్కి మళ్లీ దిగాలి. ఎక్కే ముందున్న పల్లంలో నీరు పక్కకు వెళ్లిపోతుంది. అంటే ఎంత పెద్ద వాన వచ్చినా ఏ ముక్క మీదా నీరు యాభై అడుగులకు మించి పారదు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. నీటి కోసం పెట్టిన ఆ ఎక్కుడు దిగుడే తొక్కేవాడికి సరదా. కడుపులో తేలిక పుట్టించే అలలు అవే. మలుపు బయటి అంచున కట్టే వాలుగట్టు, 'బర్మ్' కూడా అంతే. చక్రం జారకుండా పట్టుకుంటుంది కాబట్టి బ్రేకు వెయ్యక్కర్లేదు. బ్రేకు వెయ్యకపోతే నేల చీలదు. బాట బాగుకు చేసిన పని బండి ఆనందానికీ పనికొచ్చింది. ఈ రెండూ కలిసిన రోజే బాట కట్టడం ఒక విద్య అయిందని నేననుకుంటాను.

నార్త్ షోర్‌కు మిగిలిన సమస్య మట్టి. అక్కడి పైమట్టి ఆకులు, చెక్క కుళ్లి ఏర్పడిన నల్లటి మెత్త. నీరు పీల్చి వదలదు. తవ్వుతూ పోతే దాని కింద బంకా ఇసుకా గులకరాయీ కలిసిన పసుపు గోధుమ రంగు నేల తగులుతుంది. కట్టేవాళ్లు దాన్ని బంగారు మట్టి అంటారు. బాట పక్కన కనబడని చోట గుంట తీసి, ఆ మట్టిని బకెట్లతో మోసి, పరిచి, దిమ్మిసా వేస్తారు. ఖాళీ గుంటను కుళ్లిన దుంగలతో నింపి పైన నాచు కప్పుతారు. ఎండలో ఈ పని సాగదు, పొడిమట్టి పట్టు కట్టదు. జల్లు పడుతుంటేనే మంచిది. నిట్టవాలు తప్పని చోట్ల బండరాళ్లను ముఖం పైకి చేసి పాతి, సందుల్లో చిన్న రాళ్లు దట్టిస్తారు. ఒక్క పెద్ద రాయిని సరిగ్గా కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు, రెండు గడ్డపారలు, ఒక పూట పట్టడం వింతేం కాదు.

పనిముట్ల గురించి ఒక మాట. ఈ బాటలు కట్టేవాళ్ల చేతిలో ఎప్పుడూ కనిపించేవి రెండు. ఒకటి మెక్‌లౌడ్, ఒకవైపు వెడల్పు పార, మరోవైపు లావు పళ్ల పంజా. 1905లో సియెర్రా అడవిలో పనిచేసిన మాల్కం మెక్‌లౌడ్ అనే అటవీ ఉద్యోగి చేయించాడు. రెండోది పులాస్కీ, సగం గొడ్డలి, సగం తవ్వే పలక. 1910లో ఐడహో అడవులను దహించిన మంటల్లో తన కూలీలను గని సొరంగంలోకి తోలి చాలామంది ప్రాణాలు నిలిపిన ఎడ్ పులాస్కీ పేరు మీద వచ్చింది. రెండూ నిప్పును ఆపడానికి పుట్టినవే. ఇప్పుడు నీటిని మళ్లిస్తున్నాయి.

ఫ్రోమ్ కొండ మీద ఎక్స్‌ప్రెసో బాటను బర్మ్‌లతో మళ్లీ కట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం బాబ్‌స్లెడ్ అనే మెత్తటి బాట వేశారు. పిల్లలు, ఆడవాళ్లు, తొలిసారి బండి ఎక్కినవాళ్లు కొండకు రాసాగారు. పాతవాళ్లు గొణిగారు. కొండను చదును చేసి నున్నటి రోడ్డు వేశారని వాళ్ల బాధ. అందులో నిజం లేకపోలేదు. తిరగ్గట్టిన ప్రతి బాటా ఒకే రకంగా జారిపోయేలా ఉంటే ఏ కొండకు వెళ్లినా ఒకటే కొండ అవుతుంది. మంచి కట్టుబడి అంటే నీటిని మాత్రమే పంపించెయ్యాలి, బండనూ వేరునూ కాదు. నార్త్ షోర్‌లో మంచి పనివాళ్లు చేసింది అదే. కష్టం తీసెయ్యలేదు, కష్టాన్ని రాతి మీద నిలబెట్టారు.

డబ్బు సంగతీ తేల్చుకున్నారు. దుకాణాలు, కంపెనీలు, స్నేహబృందాలు ఒక్కో బాటను దత్తత తీసుకునే పద్ధతి పెట్టారు. ఏడాదికి ఇంత అని కడతారు, ఏదో ఒక రోజు వచ్చి పార పడతారు. ఒకప్పుడు దొంగచాటుగా దుంగలు మోసినవాళ్లే ఇప్పుడు మునిసిపాలిటీ అనుమతి పత్రంతో రాళ్లు మోస్తున్నారు.

ఈ విద్య సరిహద్దు దాటి దక్షిణానికీ వచ్చింది. సియాటిల్‌లో 1989లో మొదలైన ఒక సైకిల్ క్లబ్బు తర్వాత ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ అయింది. మొదట ఊరి నడుమ ఐ-5 హైవే వంతెన కింద పనికిరాకుండా పడి ఉన్న వాలు మీద బాటలు కట్టింది. ఆ తర్వాత కింగ్ కౌంటీతో కలిసి ఇసాక్వా పక్కన 120 ఎకరాల అడవిలో డ్యూతీ హిల్ పార్కు కట్టింది. అది 2010లో తెరుచుకుంది. బాటలు నడిమి మైదానం నుంచి బయల్దేరతాయి, ఆకుపచ్చ గుర్తు తేలిక, నీలం మధ్యరకం, నలుపు కష్టం. ప్రవేశ రుసుము లేదు.

సియాటిల్ చుట్టుపక్కల ఇసాక్వా, సమామిష్, రెడ్మండ్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడున్న పాఠకులకు ఒక మాట. మీ పిల్లలు ఆ బాటల మీద తొక్కుతూ ఉంటే, వాన జోరుగా పడ్డ మర్నాడు బండిని ఇంట్లోనే ఉంచండి, మెత్తటి నేల మీద చక్రం గాడి తీస్తుంది. ఎవర్‌గ్రీన్ వాళ్లు బాటల పనిరోజు ప్రకటించినప్పుడు పిల్లల్ని తీసుకుని వెళ్లండి. పనిముట్లు వాళ్లే ఇస్తారు, గట్టి బూట్లు, చేతి తొడుగులు మీవి.