కొట్టినవాడూ కవ్వించినవాడూ: సికింద్రాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర నుంచి ఒక ప్రశ్న

ఆటల గురించి రాయడం సాహిత్య విమర్శకుడి పని కాదనే అభిప్రాయం మనలో ఇంకా గట్టిగానే ఉంది. సినిమా మీద రాస్తే సామాజిక విశ్లేషణ అంటారు, ఫుట్‌బాల్ మీద రాస్తే కాలక్షేపం అంటారు. ఈ తేడా ఎందుకో నాకు బోధపడదు. వేలాది మంది ఒకచోట గుమిగూడి ఒక దేశపు జాతీయగీతాన్ని గేలిచేశారంటే, ఒక పత్రికలో వచ్చిన వ్యాసానికి ఎక్కడో ఒక ఆటగాడి ముక్కు పగిలిందంటే, అక్కడ పనిచేసింది మాట. మాటతో పని ఉన్నవాళ్లం కనుక ఆ సంగతి మనకూ పట్టాలి.

మైదానంలో గొడవ జరిగినప్పుడల్లా అందరూ అడిగే ప్రశ్న, కొట్టింది ఎవరు అని. కవ్వించింది ఎవరని అడిగేవారు తక్కువ. ఆ కవ్వింపు ఎక్కడ తయారైంది, దానివల్ల బాగుపడింది ఎవరు అని అడిగేవారు మరీ తక్కువ. ఈ వ్యాసంలో నేను పట్టుకున్నది ఆ చివరి ప్రశ్నను.

"క్రీడాస్ఫూర్తి" అనేది ఇంగ్లీషు భావానికి మనం కట్టుకున్న సంస్కృత సమాసం. "కవ్వింపు" అచ్చంగా మనది. ప్రేయసి ప్రియుణ్ణి కవ్విస్తుంది, పగవాడు పగవాణ్ణి కవ్విస్తాడు. రెండుచోట్లా దాని పని ఒకటే: ఎదుటివాణ్ణి తన అదుపులోంచి తప్పించడం. మన పాత కథలకు ఈ సంగతి బాగా తెలుసు. పల్నాటి వీరగాథలో కోడిపందెం యుద్ధానికి దారితీసింది. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదనేది నియమం. భీముడు తొడ మీద కొట్టాడు. అలా కొట్టమని గట్టు మీద నిలబడి తొడ చరిచి సైగ చేసినవాడు అర్జునుడు, చేయించినవాడు కృష్ణుడు. ఇద్దరికీ గద నేర్పిన గురువు బలరాముడు నాగలి ఎత్తుకుని భీముడి మీదికి పోయాడు. ఆయన చూసింది దెబ్బను. నిండుసభలో ద్రౌపదికి తొడ చూపించిన పాత కవ్వింపును గుర్తుచేయడానికి కృష్ణుడు కావలసివచ్చింది. గురువుది న్యాయమా, కృష్ణుడిది న్యాయమా అని తరగతి గదుల్లో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం.

ఇక ఆధునిక ఫుట్‌బాల్ సంగతి. క్రీడాస్ఫూర్తి ఇంగ్లీషు పెద్దమనుషులు లోకానికి చేసిన దానమని పాఠ్యపుస్తకాల ధోరణి. చరిత్ర వేరుగా ఉంది. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు ప్రత్యర్థి మోకాలి కింద బూటుతో తన్నే హక్కు ఉండాలని పట్టుబట్టింది పెద్దింటి బిడ్డలే. అది తీసేస్తే ఆటలో మగతనం పోతుందన్నారు. వారి మాట చెల్లకపోయేసరికి బ్లాక్‌హీత్ క్లబ్ సంఘం వదిలి వెళ్లిపోయింది. శనివారం కాలు విరిగితే సోమవారం పనిలోకి పోనక్కర్లేనివాడికి అది పౌరుషం; పనిలోకి పోక తప్పనివాడికి పస్తు. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే మిల్లు పట్టణపు జట్టు ఓల్డ్ ఈటోనియన్లను ఓడించి ఎఫ్.ఏ. కప్పు పట్టుకుపోయింది. రెండేళ్లకు, 1885లో, డబ్బు తీసుకుని ఆడడం చట్టబద్ధమయింది. 1891లో పెనాల్టీ కిక్ నియమం వస్తే, మాలాంటివాళ్లు కావాలని తప్పు చేస్తారని అనుమానిస్తారా అని పెద్దమనుషులు నొచ్చుకున్నారు. డబ్బుకు ఆడేవాడు ఆటను పాడుచేశాడన్న వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. నాకు ఆ వాదనలో వర్గం వాసన తప్ప వేరేమీ కనిపించదు.

ఈ ఆట మన దగ్గరికి దండుతోపాటు వచ్చింది. సికింద్రాబాద్ దండు చుట్టూ పుట్టిన పేటలన్నీ సైన్యానికి చాకిరీ చేసినవారి పేటలు: వంటవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, తమిళ దేశం నుంచి పల్టన్ల వెంట నడిచి వచ్చినవాళ్లు. నేనుంటున్న బన్సీలాల్‌పేట్‌కు ఆ పేరిచ్చింది సేఠ్ బన్సీలాల్. 1933లో రెసిడెంటు కీస్ హయాంలో, ఆ సేఠ్ ఇచ్చిన సొమ్ముతో ఇక్కడ పేదలకు ఆదర్శ బస్తీ కట్టారు. అప్పటి మెట్లబావి చెత్తతో పూడిపోయి, 2022లో మళ్లీ బయటపడింది. ఇప్పుడు జనం వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. బావి దొరికింది గాని, ఈ పేటల్లో బంతి తన్నిన మనుషుల చరిత్రను తవ్వినవారు లేరు.

ఆ చరిత్రలో మొదట చెప్పవలసిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. వృత్తి బడిపంతులు. (ఈ ఒక్క కారణానికే నాకాయన మీద పక్షపాతం ఉందని ఎవరైనా అంటే కాదనను.) 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ ఏడాదే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు దానిదే. ఇక్కడ ఒక విషయం దాటవేయలేను. జట్టు బొంబాయిలో చప్పట్లు కొట్టించుకుంటున్న ఆ తొలి ఏళ్లలోనే నల్గొండ, వరంగల్ పల్లెల్లో ఖాకీ వేరే పనిలో ఉంది. సిటీ పోలీసు వేరు, పల్లెల మీద పడిన పోలీసు వేరు అనవచ్చు, నిజమే. బూట్లు తొడుక్కున్న పేదపిల్లవాడికి అది ఒక ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. ఆ రోజుల్లో మనవాళ్లకు వృత్తి ఫుట్‌బాల్ అంటే ఉన్నది ఇదే.

రహీం నేర్పిన పద్ధతి గమనించదగ్గది. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టాడు. బంతిని దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదనే పోటీలు పెట్టాడు. వీటిని నైపుణ్య పాఠాలుగా మాత్రమే చూస్తారు. నా దృష్టిలో వాటిలో అంతకంటే లోతైన పని ఉంది. డ్రిబ్లింగ్ అంటే ఎదుటివాణ్ణి ఒంటరిగా ఎదుర్కొని వెర్రివాణ్ణి చేయడం. ఆటలోనే అనుమతించిన కవ్వింపు. బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చేయడం అలవాటైనవాడికి తన్ను తన్నినవాడితో తేల్చుకునే తీరిక ఉండదు. కోపం తెచ్చుకోవద్దని పిల్లలకు ఉపదేశించడం తేలిక. కోపానికి సమయం చిక్కని పని నేర్పడం కష్టం. రహీం నేర్పినది రెండోది.

అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆ చేతుల్లోనే తయారయ్యాడు. తమిళ కుటుంబం, పేదరికం. పోలీసుల పాత బూట్లు కుట్టించుకుని ఆడిన పిల్లవాడు. 1956లో మెల్బోర్న్‌లో నాలుగో స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోలు చేశాడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ ఆయన్ను తీసుకుపోయింది. 2023లో అక్కడే కన్నుమూశాడు.

ఇప్పుడు 1962కు వద్దాం. ఆ సంవత్సరం రెండు మైదానాలను పక్కపక్కన పెట్టి చూడాలని నా ప్రతిపాదన.

మొదటిది చిలీలోని సాంటియాగో. జూన్ 2న ప్రపంచ కప్పులో చిలీకీ ఇటలీకీ పోటీ. 1960 భూకంపంలో అతలాకుతలమై, ఎలాగో తేరుకుని ఆ దేశం పోటీలు జరుపుతోంది. ఇద్దరు ఇటాలియన్ పత్రికా రచయితలు, ఘిరెల్లీ, పిజ్జినెల్లీ, చిలీ పేదరికాన్నీ మురికినీ ఎత్తిచూపుతూ రాసి పంపారు. ఆ రాతలు చిలీ పత్రికల్లోకి ఎక్కాయి. ఆట మొదలైన కొన్ని క్షణాలకే మొదటి ఫౌల్. తొలి పది నిమిషాల్లోనే ఇటలీ ఆటగాడు ఫెర్రీనీని పంపేస్తే అతడు కదలడు, పోలీసులు లాక్కుపోవలసివచ్చింది. చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్ పిడికిలికి మాస్కియో ముక్కు పగిలింది. సాంచెజ్‌కు శిక్ష పడలేదు. అతణ్ణి ఎగిరి తన్నిన డేవిడ్‌కు పడింది. చిలీ 2-0తో గెలిచింది. ఆ ఆటకు రిఫరీ కెన్ ఆస్టన్. పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన తరువాత ఆయనదే, 1970లో అవి ప్రపంచ కప్పులోకి వచ్చాయి. రాసిన ఇద్దరూ ఆట నాటికే చిలీ విడిచి వెళ్లిపోయారు.

మూడు నెలల తరువాత, సెప్టెంబరు 4న, జకార్తా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. భారత్‌కూ దక్షిణ కొరియాకూ. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదు. వాళ్లను రానివ్వని పోటీలు ఆసియా క్రీడలు ఎలా అవుతాయని ఒలింపిక్ సంఘ సభ్యుడు గురుదత్ సోంధి అభ్యంతరం చెప్పాడు. ఆయన వాదం తప్పని నేననను. కాని ఆ మాటకు బదులు భారత రాయబార కార్యాలయం మీద దాడిగా వచ్చింది, తరువాత ఆటగాళ్ల మీదికి వచ్చింది. బస్సులో సర్దార్ జర్నైల్ సింగ్ కనబడకుండా కింద కూర్చోవలసివచ్చిందని తోటి ఆటగాళ్లు తరువాత చెప్పారు. స్టేడియంలో జాతీయగీతాన్ని గేలిచేశారు. మనవాళ్ల కాలికి బంతి తగిలితే చాలు, అరుపులు. వారికి మద్దతు పలికింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లట; ఈ ఒక్క సంగతి మీద ఎవరైనా కథ రాయకూడదా అనిపిస్తుంది.

జట్టులో బలరాం ఉన్నాడు, హైదరాబాద్ పోలీసు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు, గోల్‌లో తంగరాజ్. థాయిలాండ్‌తో ఆటలో తల పగిలి కుట్లు పడిన జర్నైల్‌ను రహీం వెనక వరస నుంచి తీసి ముందు వరసలో పెట్టాడు. మొదటి ఇరవై నిమిషాల్లోనే ప్రదీప్ బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలతో జర్నైల్ ఒకటి. 2-1. రహీంకు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు.

రెండుచోట్లా కవ్వింపు మైదానం బయటే తయారైంది: ఒకచోట కలం నుంచి, ఒకచోట దౌత్యం నుంచి. రెండుచోట్లా మూల్యం చెల్లించవలసినవి ఆ మాటలతో సంబంధం లేని శరీరాలు. అయినా జకార్తా సాంటియాగో కాలేదు. భారతీయుల సహజ శాంతగుణం అని ఎవరైనా అంటే వారికి 1980 ఆగస్టు 16 గుర్తుచేస్తాను. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆటగాళ్లిద్దరు తలపడి మైదానం విడవవలసివచ్చింది. ఆ నిప్పు గ్యాలరీలకు అంటుకుని 16 మంది ప్రేక్షకులు చనిపోయారు. గుణం కాదు, జకార్తాలో నిలబడింది ఏళ్ల తరబడి నేర్చిన పని.

మా వృత్తిలో చూసిన ఒక సంగతి చెప్పాలి. బడి పేరు అనవసరం. బంతి ఆటలో ఒక కుర్రవాడు ఇంకొకణ్ణి కులం పేరుతో తిట్టాడు, మెల్లగా, చెవి దగ్గర. తిట్టు తిన్నవాడు చెంప పగలగొట్టాడు. శిక్ష వాడికొక్కడికే పడింది. "వాడేమన్నాడో అడగండి సార్" అని ఆ పిల్లవాడు అంటూనే ఉన్నాడు, అడగలేదు. ఈల ఊదేవాడికి దెబ్బ కనబడుతుంది, మాట వినబడదు. 2006 బెర్లిన్ ఫైనల్‌లో జిదాన్ మాటెరాజ్జీ ఛాతీని తలతో గుద్ది ఎర్రకార్డు తిన్నాడు. ఆ తరువాత ఫిఫా విచారించి జిదాన్‌కు మూడు ఆటలు, మాటెరాజ్జీకి రెండు ఆటలు నిషేధం వేసింది. మాటకు కూడా తూకం ఉందని ఆ తీర్పు ఒప్పుకుంది. మా బడి అంతదూరం రాలేదు.

సాహిత్యం మాత్రం ఏం చేసింది? జిదాన్ తల మీద ఫ్రెంచిలో పుస్తకం వచ్చింది, పారిస్‌లో కంచు విగ్రహం నిలబెట్టారు. పేలిన క్షణం కళకు ఎప్పుడూ ఇష్టమే. పేలకుండా నిలిచిన తొంభై నిమిషాలను ఎలా చెప్పాలో మనకు తెలియదు. 2024లో రహీం మీద హిందీలో "మైదాన్" సినిమా వచ్చింది. జకార్తా గుంపును బాగానే చూపించింది. కాని కథకు ఒక దుర్మార్గుడు కావలసివచ్చి ఒక పత్రికా రచయితను నిలబెట్టింది. కవ్వింపును ఒక మనిషి దుర్బుద్ధిగా కుదిస్తే దాని వెనక ఉన్న రాజ్యాలూ ధనమూ తెరమీదికి రావు. హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, తరువాత జీతాల బకాయిల వివాదాల్లో చిక్కుకుంది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. జీతం అందని ఆటగాడి మీద జరిగిన ఫౌల్‌కు ఏ రిఫరీ ఈల ఊదాడు?

అమ్ముగూడ, బొల్లారం, బోయిన్‌పల్లి, తిరుమలగిరి: ఈ దండు పేటల ఆటగాళ్ల గురించి ఉన్న కొద్దిపాటి రాత ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ ఉంది. తెలుగులో బలరాం మీద నాకు దొరికినవి ఆయన పోయిన వారంలో వచ్చిన పత్రికా వార్తలు.