కొట్టేకొద్దీ గట్టిపడే స్టీల్.. అయినా ఎందుకు అరిగిపోతోంది? క్రషర్ ప్లేట్ల లైఫ్ పెంచే మార్గాలివే

క్వారీల్లో రాయిని నలిపే క్రషర్ జా ప్లేట్లు, రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట వేసే క్రాసింగ్‌లు.. రెండింటికీ ఎక్కువగా వాడేది మాంగనీస్ స్టీలే. దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడటం దీని స్పెషాలిటీ. అయినా కొన్ని చోట్ల త్వరగా అరిగిపోతుంది. ప్లేటు మార్చిన ప్రతిసారీ ఖర్చే కాదు, మిషన్ ఆగిపోవడం కూడా నష్టమే.

ఎప్పటిదీ స్టీల్?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో దీన్ని తయారుచేశారు. అందుకే హాడ్‌ఫీల్డ్ స్టీల్ అని కూడా అంటారు. ఇందులో మాంగనీస్ సుమారు 11 నుంచి 14 శాతం, కార్బన్ 1 నుంచి 1.4 శాతం వరకు ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల హెల్మెట్లకూ దీన్నే వాడారు.

ఎలా గట్టిపడుతుంది?

పోత పోశాక 1000 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేసి, వెంటనే నీళ్లలో ముంచుతారు. కార్బన్ ఎక్కువున్న మామూలు స్టీల్‌ను ఇలా చేస్తే గట్టిపడి పెళుసవుతుంది. ఇది మాత్రం విరక్కుండా సాగే గుణం తెచ్చుకుంటుంది. అప్పుడు దీని గట్టిదనం బ్రినెల్ స్కేల్‌పై 200 దగ్గర్లో ఉంటుంది. పెద్ద రాళ్ల దెబ్బలు పడేకొద్దీ పైపొర 500 వరకు చేరుతుంది. లోపలి భాగం మాత్రం మెత్తగానే ఉండి దెబ్బను తట్టుకుంటుంది.

అసలు సమస్య ఇక్కడే

దెబ్బ బలంగా పడితేనే పైపొర గట్టిపడుతుంది. ఇసుక, సన్న కంకర లాంటివి ఒరుసుకుంటూ జారిపోయే చోట అంత దెబ్బ తగలదు. దీంతో స్టీల్ మెత్తగానే ఉండి గబగబా అరిగిపోతుంది.

మార్గం 1: వేరే లోహాలు కలపడం

క్రోమియం 2 శాతం దాకా కలిపితే మొదటి నుంచే కాస్త గట్టిదనం వస్తుంది. మాలిబ్డినం, వెనేడియం, టైటానియం కూడా కలుపుతారు. ఇవి కార్బన్‌తో కలిసి కార్బైడ్లు అనే గట్టి రేణువులుగా మారతాయి. అయితే మోతాదు మించినా, వేడిచేయడం సరిగ్గా కుదరకపోయినా కార్బైడ్లు స్టీల్ రేణువుల అంచుల్లో వలలా పేరుకుంటాయి. అప్పుడు ప్లేటు అరగడం కాదు.. ఏకంగా పగిలిపోతుంది.

మార్గం 2: సెరామిక్ దన్ను

ఎక్కువగా అరిగే చోట టైటానియం కార్బైడ్ లాంటి సెరామిక్ దిమ్మెలను ముందే అచ్చులో అమర్చి, కరిగిన స్టీల్ పోస్తారు. అది దిమ్మెల సందుల్లోకి చొరబడి పట్టేసుకుంటుంది. రాపిడిని సెరామిక్ కాస్తే, దెబ్బను స్టీల్ కాస్తుంది. అల్యూమినాకు కరిగిన ఇనుము సరిగ్గా అంటుకోదు. పట్టు కుదరకపోతే ముక్కలు ఊడిపోతాయి. ధర కూడా ఎక్కువే కాబట్టి ప్లేటంతా కాకుండా అరిగే భాగానికే వాడతారు.

వెల్డింగ్ చేసేవాళ్లు జాగ్రత్త

అరిగిన ప్లేటుకు వెల్డింగ్‌తో మందం పెంచేటప్పుడు ముందుగా వేడిచేయకూడదు. ప్లేటు వేడి 260 డిగ్రీలు దాటకుండా, మధ్యమధ్యలో ఆపుతూ చేయాలి. లేదంటే స్టీల్ పెళుసై బీటలు వస్తాయి.

మొత్తానికి పెద్ద బండలు పడే చోట మామూలు మాంగనీస్ స్టీలే చాలు. రాపిడి ఎక్కువున్న చోటే క్రోమియం, సెరామిక్ రకాలకు పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుంది.