వైద్యుల మాటను తప్పులు లేకుండా లిఖిత రూపంలోకి తేవడం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు ఉపయుక్తమైన అంశాలు

జాతీయ రహదారిపై ప్రమాదానికి గురైన వ్యక్తిని సూర్యాపేట నుంచి హైదరాబాదుకు, కోదాడ నుంచి ఖమ్మానికో విజయవాడకో, మిర్యాలగూడ నుంచి నల్లగొండకో తరలించవలసి వచ్చినప్పుడు రోగితో పాటు ప్రయాణించేది ఒక కాగితం. రోగికి ఏ మందు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఏ మందు పడదు అన్న వివరాలు అందులోనే ఉంటాయి. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్ల దూరం. అక్కడి వైద్యునికి ఇక్కడి వైద్యుని కంఠం వినబడదు. ఆ కాగితం మాత్రమే కనబడుతుంది. కనుక వైద్యుడు చెప్పినది చెప్పినట్లుగా కాగితం మీదికి ఎక్కడం రోగి ప్రాణంతో ముడిపడిన విషయం.

వైద్యుల రాత అర్థం కాకపోవడం ఈ ప్రాంతానికి కొత్త సమస్య కాదు. మందుల చీటీలు అందరికీ చదవడానికి వీలుగా ఉండాలని కోరుతూ ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించినది నల్లగొండకు చెందిన ఒక ఫార్మసిస్టు కావడం గమనార్హం. అనంతరం 2016 సెప్టెంబరులో నాటి భారత వైద్య మండలి తన నిబంధనలను సవరించి, వైద్యులు మందుల జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలతో రాయాలని సూచించింది. చేతిరాతకు ప్రత్యామ్నాయంగా వైద్యుడు మాట్లాడుతుండగా కంప్యూటరే దానిని అక్షరాలలోకి మార్చే విధానం ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది. చేతిరాతలోని తప్పు చూడగానే అనుమానం కలిగిస్తుంది. కంప్యూటరు అచ్చు మాత్రం తప్పును కూడా అందంగా, నమ్మదగినట్లుగా చూపుతుంది. ఈ విధానాన్ని అనుసరించదలచిన ఆసుపత్రులు మొదట గ్రహించవలసినది ఇదే.

తెలుగువాని కృషి

యంత్రానికి మాట నేర్పే శాస్త్రానికి పునాదులు వేసిన వారిలో ఒక తెలుగువారు ఉన్నారు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన ఆచార్య దబ్బాల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి) అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఈ రంగంలో దశాబ్దాల పాటు పరిశోధనలు నిర్వహించారు. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆయన వద్ద పరిశోధన చేసిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ సంస్థను స్థాపించారు. వైద్యులు విరివిగా వాడిన డ్రాగన్ సాఫ్ట్‌వేర్‌కు మూలం అదే. 1998లో ప్రారంభమైన హైదరాబాదు ఐఐఐటీకి కూడా రాజ్ రెడ్డి మార్గదర్శకత్వం లభించింది.

యంత్రాలు రాకముందు ఈ పనిని మనుషులే చేశారు. 1990వ దశకం చివరి నుంచి అమెరికా వైద్యులు రికార్డు చేసి పంపిన మాటలను విని టైపు చేసే మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ పని హైదరాబాదులో విస్తరించింది. ఆ పనిలో 98 శాతం ఖచ్చితత్వాన్ని సాధారణ ప్రమాణంగా భావించేవారు. వినడానికి ఘనంగా ఉన్నా, 300 పదాల డిశ్చార్జి సారాంశంలో 98 శాతం అంటే 6 తప్పులు ఉన్నట్లే. ఆ ఆరు తప్పులు ఎక్కడ పడ్డాయన్నదే అసలు ప్రశ్న.

శాతం చెప్పని సంగతి

ఖచ్చితత్వాన్ని కొలవడానికి నిపుణులు పద దోష శాతాన్ని వాడుతారు. మారిపోయిన పదాలు, తప్పిపోయిన పదాలు, అదనంగా చేరిన పదాలు కలిపి, అసలు పలికిన పదాల సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. ఈ లెక్క ఇంగ్లీషుకు బాగానే సరిపోతుంది. ప్రత్యయాలను కలుపుకొని పదం పెరుగుతూ పోయే తెలుగుకు అంతగా సరిపోదు. 'వేసుకోవాలన్నారు' అన్న పదంలో ఒక్క అక్షరం పోయినా పదమంతా తప్పుగా లెక్కలోకి వస్తుంది. అందువలన తెలుగుకు అక్షర దోష శాతాన్ని కూడా చూడడం సముచితం.

అయితే ఈ రెండు లెక్కలకూ 'గారు' పోవడం, 'లేదు' పోవడం ఒక్కటే. 'గారు' పోతే మర్యాద తగ్గుతుంది. 'ఛాతీలో నొప్పి లేదు' అన్న వాక్యంలో 'లేదు' పోతే గుండెజబ్బు లేని మనిషికి గుండెజబ్బు అంటగట్టినట్లవుతుంది.

ఈ విషయంలో మన భాషకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఇంగ్లీషులో నిషేధం చెప్పే మాట సాధారణంగా నొప్పి పేరు కంటే ముందే వస్తుంది. తెలుగులో అది వాక్యం చివర వస్తుంది. వాక్యం చివరకు వచ్చేసరికి ఎవరి గొంతైనా కొంత తగ్గుతుంది. అలసిన వైద్యుని గొంతు మరింత తగ్గుతుంది. మైకు మీట ముందుగా వదిలివేస్తే చివరి మాట అసలే నమోదు కాదు. 'జరం వస్తలేదు' అన్నది 'జరం వస్తది'గా, 'పెన్సిలిన్ పడదు' అన్నది కేవలం 'పెన్సిలిన్'గా మిగిలిపోయే ప్రమాదం అక్కడే ఉన్నది. చివరి పదం పలికిన తరువాత ఒక క్షణం ఆగి మీట వదలడం, పడని మందుల వివరాన్ని వేరే వాక్యంగా మళ్ళీ చెప్పడం ఖర్చు లేని జాగ్రత్తలు.

అంకెలు, మందుల పేర్లు

అంకెల విషయంలో తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉచ్చులు ఉన్నాయి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకదానికొకటి దగ్గరగా వినిపిస్తాయి. తెలుగులో 'ఇరవై', 'అరవై' పదాలకు మొదటి అచ్చు ఒక్కటే తేడా. ఇన్సులిన్ ఇరవై యూనిట్లు అరవైగా నమోదైతే జరిగే అనర్థాన్ని వివరించనవసరం లేదు. 'అర మాత్ర', 'ఆరు మాత్రలు' అన్నవి కూడా ఇదే కోవకు చెందినవి. మొత్తం అంకెను చెప్పిన వెంటనే దానిని విడివిడి అంకెలుగా మళ్ళీ చెప్పడం, అంటే 'ఇరవై, రెండు సున్నా' అనడం మేలు. 'పాయింట్ ఐదు మిల్లీగ్రాములు' అన్న మాటలో 'పాయింట్' జారిపోతే మోతాదు పదింతలవుతుంది. దాని బదులు '500 మైక్రోగ్రాములు' అంటే ఆ భయం ఉండదు.

మందుల పేర్ల విషయానికి వస్తే, రక్తపోటుకు ఇచ్చే హైడ్రాలజీన్, దురదకు ఇచ్చే హైడ్రాక్సిజీన్ ఒకే రకంగా వినిపిస్తాయి. డోపమిన్, డోబుటమిన్ కూడా అంతే. ఇటువంటి జంటల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది. మందు పేరుతో పాటు అది ఏ జబ్బుకో కూడా వైద్యుడు చెబితే యంత్రానికి ఆధారం దొరుకుతుంది, తరువాత చదివేవారికి అనుమానం తీరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ముందుగా చేర్చవలసిన పదాల జాబితాకు 384 మందులున్న 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధాల జాబితా మంచి ఆరంభం. దానికి ఆసుపత్రి మందుల గిడ్డంగిలో వాస్తవంగా ఉన్న పేర్లను, చుట్టుపక్కల మండలాల, గ్రామాల పేర్లను జోడించాలి. ఫ్లోరోసిస్ వంటి మాట ఇతర ప్రాంతాల రికార్డులలో అరుదు కావచ్చు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో అది ఇంటింటికీ తెలిసిన జబ్బు. వేరే దేశపు రికార్డులతో శిక్షణ పొందిన యంత్రం తాను ఎక్కువగా విన్న మాట వైపే మొగ్గుతుంది కనుక ఈ జాబితాను స్థానికంగానే తయారు చేసుకోవాలి.

కోదాడ సరిహద్దులో రెండు యాసలు

రోగి చెప్పిన మాటలను అలాగే నమోదు చేయవలసి వచ్చినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన వ్యక్తి 'పెయ్యి నొప్పులు' అంటే ఒళ్ళు నొప్పులు అని అర్థం. కోస్తా పల్లెలలో పెయ్యి అంటే ఆవుదూడ. ఇక్కడ 'దమ్ము' అన్నదే అక్కడ 'ఆయాసం'. ఇక్కడి 'సర్ది' అక్కడి 'రొంప'. ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న కోదాడలో ఒకే వరుసలో నిలుచున్న ఇద్దరు రోగులు ఒకే బాధను రెండు మాటలలో చెప్పడం సహజం. దీనికి తోడు బీపీ, షుగర్, ఫిట్స్, స్కానింగ్ వంటి ఇంగ్లీషు మాటలు ప్రతి వాక్యంలోనూ కలుస్తాయి. పత్రికా భాషతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రం ఈ మాటలను 'సరిదిద్ది' పాడుచేస్తుంది.

యంత్రానికి ఈ యాసలు నేర్పాలంటే ఆ యాసలు మాట్లాడే వారి కంఠాలు కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి కార్యక్రమం భారతీయ భాషలలో ఇటువంటి సాధనాలకు ఊతమిస్తున్నది. మద్రాసు ఐఐటీకి చెందిన ఏఐ4భారత్ బృందం 22 భాషలలో ప్రజల సహజ సంభాషణలను సేకరించి 2024లో 'ఇండిక్ వాయిసెస్' పేరుతో వెలువరించింది. హైదరాబాదు ఐఐఐటీ కూడా ప్రజల భాగస్వామ్యంతో తెలుగు మాటలను సేకరించింది. ఇవి సామాన్య సంభాషణకు మంచి ఆధారం. వైద్యశాలలో మాట్లాడే తెలుగు వీటికి అదనంగా కావలసి ఉన్నది. సూర్యాపేట, నల్లగొండలలో 2019లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలలోని విద్యార్థులు ఆ పనికి తగినవారు. నిజమైన రోగి వివరాలతో నిమిత్తం లేకుండా, కల్పిత కేసులను తమ సొంత యాసలో చదివి రికార్డు చేయడం ద్వారా దీనిని ప్రారంభించవచ్చు.

మైకు, ఫ్యాను, నిశ్శబ్దం

ఖరీదైన సాఫ్ట్‌వేర్ కంటే మైకు స్థానమే కొన్నిసార్లు ఎక్కువ మేలు చేస్తుంది. నోటి నుంచి మైకు దూరం రెట్టింపైతే దానిని చేరే ధ్వని తీవ్రత దాదాపు నాలుగవ వంతుకు పడిపోతుంది. వార్డులోని ఫ్యాను చప్పుడు మాత్రం తగ్గదు. మెడకో తలకో తగిలించుకునే మైకు బల్ల మీది మైకు కంటే మెరుగు. పాత పద్ధతి టెలిఫోను లైను సుమారు 3,400 హెర్ట్జ్‌లకు పైబడిన ధ్వనులను వదిలివేస్తుంది. 'స', 'ఫ' వంటి ధ్వనులను వేరుచేసే భాగం చాలావరకు అంతకు పైనే ఉంటుంది. కాబట్టి ఫోను ద్వారా చెప్పించే పద్ధతిని వీలైనంతవరకు మానుకోవడం మంచిది.

నిశ్శబ్దం కూడా ఒక సమస్యగా మారింది. 2022 సెప్టెంబరులో విడుదలైన విస్పర్ అనే సాధనాన్ని పరిశీలించిన అమెరికా పరిశోధకులు, సుమారు 1 శాతం ధ్వని ఖండాలలో అసలు ఎవరూ పలకని పదబంధాలు, వాక్యాలు పుట్టుకొచ్చాయని 2024లో వెల్లడించారు. మాటల మధ్య ఎక్కువ విరామం ఉన్నచోట ఇది అధికంగా కనిపించింది. పాత యంత్రం వినబడనిచోట తప్పు పదం రాసేది. కొత్త యంత్రం చక్కని వాక్యం అల్లుతున్నది. రెండవదే ఎక్కువ ప్రమాదకరం. చెప్పడం మధ్యలో ఆపవలసి వస్తే రికార్డింగును నిలిపివేయడం, మూల ధ్వనిని సరిచూసే వరకు భద్రపరచడం ఇందుకు తగిన జాగ్రత్తలు.

సంతకానికి ముందు

మనిషి చూపు ఎంత మేలు చేస్తుందో తెలిపే లెక్క ఒకటి ఉన్నది. అమెరికాలో వైద్యులు చెప్పగా యంత్రం రాసిన 217 పత్రాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, యంత్రం రాసిన ప్రతిలో ప్రతి 100 పదాలకు 7.4 తప్పులు ఉన్నట్లు తేలింది. శిక్షణ పొందిన ట్రాన్‌స్క్రిప్షనిస్టు సరిచూసిన తరువాత అవి 0.4కు, వైద్యుడు సంతకం చేసేనాటికి 0.3కు తగ్గాయి. అంటే మెరుగుదల దాదాపు మొత్తం మధ్యలోని ఆ ఉద్యోగి వల్లనే వచ్చింది. యంత్రం వచ్చింది కనుక ఆ ఉద్యోగం అక్కరలేదనే వాదన ఈ లెక్క ముందు నిలవదు. వైద్య పదజాలం తెలిసి, స్థానిక యాస కూడా తెలిసిన సూర్యాపేట, మిర్యాలగూడ యువత ఈ పనిలో దూర నగరాల వారి కంటే మిన్నగా రాణించగలరు.

సరిచూసేవారు మొదట చూడవలసినవి మందు పేరు, మోతాదు, కుడి ఎడమలు, 'లేదు' 'పడదు' వంటి మాటలు. విరామ చిహ్నాలు తరువాత చూసుకోవచ్చు. వాక్యాలు సాఫీగా ఉన్నాయని తృప్తిపడక, అనుమానం వచ్చినచోట ధ్వనిని మళ్ళీ వినాలి.

ఏ ఆసుపత్రి అయినా ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను కొనుగోలు చేసే ముందు అమ్మకందారు చూపే శాతాన్ని అలాగే అంగీకరించనవసరం లేదు. తమ వైద్యులు ఐదారుగురు, తమ వార్డులోనే, ఫ్యాను తిరుగుతుండగా కల్పిత కేసులను 50 వరకు చెప్పి, వచ్చిన రాతను మూలంతో పోల్చుకోవచ్చు. మొత్తం తప్పులను ఒక లెక్కగా, రోగికి హాని చేయగల తప్పులను మరొక లెక్కగా వేయాలి. సాఫ్ట్‌వేర్‌లో మార్పు జరిగిన ప్రతిసారీ ఇదే పరీక్షను మళ్ళీ జరపాలి. రోగి కంఠం, వివరాలు ఏ సర్వరులో ఎంతకాలం ఉంటాయో, వాటిని యంత్ర శిక్షణకు వాడుతారో లేదో ఒప్పందంలోనే రాయించుకోవాలి. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభమైన తరువాత రోగి సమ్మతితో అతని ఆరోగ్య పత్రాలు ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి కంప్యూటరు ద్వారానే చేరే వీలు కలిగింది. కోదాడలో నమోదైన ఒక్క అంకె అదే రోజు హైదరాబాదులోని వైద్యుని తెర మీదికి చేరుతుంది. అది ఇరవై అయినా, అరవై అయినా.