యోచన

నిఘంటువులో ‘యోచన’ అంటే ఆలోచన, తలపు. పత్రికల్లో ‘ప్రభుత్వ యోచన’ అని చదివితే ఏదో పథకం రాబోతోందని అర్థం చేసుకుంటాం. కర్నూలు జిల్లా మద్దికెరలో ఆ మాట బరువే వేరు. ఆదోని, ఎమ్మిగనూరు దిక్కునా అంతే. ‘వానికి యోచన ఎక్కువైంది’ అంటే తెలివి పెరిగిందని కాదు. తిండి తగ్గింది, నిద్ర పట్టడం లేదు, మనిషి చిక్కిపోతున్నాడు అని. ‘యోచన చేయొద్దప్పా’ అనేది ఓదార్పు. పక్కనున్న బళ్లారిలో కన్నడిగులు ‘యోచనె మాడబేడి’ అనేదీ ఈ అర్థంలోనే.

ఈ మాట సంస్కృతంలోని ‘యోజన’ నుంచి వచ్చింది. దాని మూలం యుజ్ ధాతువు. కలపడం, కాడికి పూన్చడం దాని అర్థాలు. కాడి కట్టిన పశువులను విప్పకుండా ఒక్క పూన్పులో పోగలిగినంత దూరం యోజనం, మన ఆమడ. తెలుగులో కూడా పూను నుంచే పూనిక పుట్టింది. కాడి కడితే ఎద్దు బలం పనికి అందుతుంది, దాని మెడ మాత్రం ఇటూ అటూ తిరగదు. పత్రికల యోచన మొదటి సంగతిని పట్టుకుంటే, కర్నూలు పడమటి సీమ యోచన రెండోదాన్ని పట్టుకుందనిపిస్తుంది నాకు. తల తిప్పుకోవడానికి వీల్లేని తలపు అది.

దూరం కూడా ఆ మాటలోంచి పూర్తిగా పోలేదు. వానలు తప్పిన ఏడు ఈ పల్లెలు ఖాళీ అవుతాయి. కొందరు మిరపకోతకు గుంటూరు సీమకు ‘సుగ్గి’కి పోతారు, కొందరు బేల్దారి పనికి బెంగళూరు పోతారు. మద్దికెర నుంచి బెంగళూరు దాదాపు 300 కిలోమీటర్లు, పాత లెక్కలో ఇరవై ఆమడల పాటి. ముసలివాళ్లు ఇంటి దగ్గర, ఆలుమగలు రేకుల షెడ్డులో. పిల్లలు ఇక్కడో అక్కడో, బడి మధ్యలో. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీని వదిలిపోలేరు. ఫోను మోగితే అప్పిచ్చినాయనా, ఆస్పత్రి కబురా అని గుండె ఝల్లుమంటుంది.

యోచనలో ఉన్నవాడు పని మానడు. సారవ మీద నిలబడి, కిందినుంచి అందిస్తున్న మాలు బాండ్లిని ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంటాడు. చెప్పిన మాట రెండోసారి చెప్పించుకుంటాడు. మధ్యాహ్నం సద్ది విప్పి, రెండు ముద్దలు తిని మూట కట్టేస్తాడు. సాయంత్రం అందరికంటే ముందు మందు దుకాణం దారి పడతాడు. పక్కవాడు అన్నీ చూస్తాడు. చూసి, ‘యోచన చేయొద్దు మామా’ అని పనిలో పడిపోతాడు.

ఈ చిన్న గుర్తులను దాటిపోవడం ఎంత ప్రమాదమో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెబుతుంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో 44,713 మంది రోజుకూలీలు, అంటే నలుగురిలో ఒకరికి పైమాటే. వ్యవసాయ కూలీలను ఆ పట్టికలో విడిగా లెక్కిస్తారు కాబట్టి, కట్టడాల మీద రోజుకూలికి పనిచేసేవాళ్లు ఈ వరుసలోకే వస్తారు.

యోచనలో ఉన్న కూలివాడి దగ్గరికి వెళ్లి ‘నీ మానసిక ఆరోగ్యం ఎలా ఉంది?’ అంటే ఏం చెబుతాడు? ఆ మాట వినగానే అతని చెవిలో మోగేది ‘పిచ్చి’. పిచ్చోడన్న పేరు పడితే రేపటి హాజరు పోతుందని భయం. ‘యోచన’కు ఆ మచ్చ లేదు. యోచన అందరికీ ఉంటుంది, మేస్త్రీకీ ఉంటుంది. పైగా, ‘ఏం యోచన?’ అంటే మనిషిలో లోపం వెతికినట్టు కాదు, అతని నెత్తి మీది బరువు ఏమిటని అడిగినట్టు.

ఇలాంటి మాటే జింబాబ్వేలోనూ ఉంది. అక్కడి షోనా భాషవాళ్లు ‘కుఫుంగిసిస’ అంటారు, అతిగా ఆలోచించడం అని. మానసిక వైద్యుడు డిక్సన్ చిబండ 2006లో హరారేలో మొదలుపెట్టిన ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ ఆ మాటనే ఆసరా చేసుకుంది. తర్ఫీదు పొందిన అవ్వలు ఆరోగ్యకేంద్రం ఆవరణలో బల్ల మీద కూర్చుని కష్టం వింటారు, ఏ చిక్కును ముందు విప్పాలో కలిసి తేలుస్తారు. దానితో కుంగుబాటు తగ్గిందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది. మనకూ దారి కొత్తది కాదు. 1980ల నడుమ బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకు, సిబ్బందికి మనోవైద్యం నేర్పింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారే నమూనా. ఆదోని వాళ్లకు అది పొరుగూరు.

‘ఆలోచన’ యోచనకు పర్యాయపదం అంటారు కానీ దాని మూలం వేరు. అందులో ఉన్నది చూడడం. తెలుగులో దానికి సంప్రదింపు అన్న అర్థమూ ఉంది, నలుగురూ కూర్చుని ఆలోచన చేస్తారు. యోచన ఒక్కడి మెడ మీది కాడి. దాన్ని నలుగురి ఆలోచనగా మార్చడమే పనిచోట మనం చేయగలిగిన సాయం.

అందుకు ముందు ‘యోచన చేయొద్దు’ అనడం మానాలి. ప్రేమతో అన్నా సరే, ఆ మాట సంభాషణను అక్కడితో తుంచేస్తుంది. ‘ఏం యోచన చేస్తాండావప్పా?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా పక్కన కూర్చోవాలి. నిద్ర వారాల తరబడి లేకపోయినా, బతుకు మీద విసుగు మాటల్లో తొంగిచూసినా, మనిషిని ఒంటరిగా వదలకుండా వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక కాంట్రాక్టరు వంతు మిగిలింది. కూలి వారంవారం చేతికందితే చాలా యోచనలు పుట్టవు. కూలి బకాయి పెట్టి ధైర్యం చెబితే అది ధైర్యం కాదు.