ప్రకృతి, వికృతి: ఒక స్ఫటికం కథ

తెలుగు పీరియడ్‌లో 'ఆశ్చర్యం'కు వికృతి 'అచ్చెరువు' అని మనమంతా వల్లించినవాళ్లమే. ఇంటర్ కూడా తెలుగు మీడియంలోనే చదివినవాళ్లకు అదే మాట భౌతికశాస్త్రంలో మళ్లీ ఎదురైంది. వస్తువును లాగినా, నొక్కినా పొడవులో వచ్చే మార్పును అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది వికృతి, అంటే స్ట్రెయిన్. ముప్పై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్న నాకు ఈ రెండో వికృతి చరిత్రంటే ప్రత్యేకమైన ఇష్టం. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడగ్గానే అదే గుర్తొచ్చింది.

ల్యాబ్‌లో ఫెహ్లింగ్ ద్రావణం కలిపినవాళ్లకు రోషెల్ లవణం తెలుసు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులోని లా రోషెల్ పట్టణంలో తయారై, విరేచనాల మందుగా అమ్ముడైన ఉప్పు అది. 1920లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాలసెక్ ఆ స్ఫటికంలో ఒక వింత చూశాడు. విద్యుత్ క్షేత్రాన్ని తీసేసినా లోపల ధ్రువణం మిగిలింది. క్షేత్రాన్ని తిప్పితే అదీ తిరిగింది, అచ్చం ఇనుప అయస్కాంతంలాగా. ఫెర్రోవిద్యుత్ అన్న పేరు ఆ పోలికతో వచ్చిందే. ఇందులో ఇనుము ఉండనక్కర్లేదు (ఉంటుందని పరీక్షలో రాసే పిల్లలు ప్రతి ఏడూ తగులుతారు).

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా, రష్యా, జపాన్‌లలో విడివిడిగా బేరియం టైటనేట్ బయటపడింది. దాని అణువుల గూటిలో టైటానియం అయాన్ నడిమధ్య నుంచి కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది. ధ్రువణం అక్కడి నుంచే వస్తుంది. 120 డిగ్రీలు దాటితే అది పోతుంది. 1954లో ఫోర్స్‌బర్గ్ ఈ స్ఫటికాన్ని రెండు దిశల్లో పక్కల నుంచి నొక్కి, ఆ హద్దు పైకి జరగడం చూశాడు. ఈ కథలో అందరూ 2004 గురించే మాట్లాడతారు. నా లెక్కలో అసలు మలుపు ఇదే.

అయితే పెద్ద స్ఫటికాన్ని ఎక్కువ నొక్కినా, లాగినా పగిలిపోతుంది. పలుచని పొర అలా కాదు. ఒకరు పెట్టిన చుక్కల మీద ఇంకొకరు ముగ్గు వేసినట్టు, పొరలోని అణువులు కింది స్ఫటికం అణువుల ఎడాన్నే అనుసరిస్తాయి. చుక్కలు దూరమైతే పొర సాగుతుంది, దగ్గరైతే నొక్కుకుంటుంది. చాలాకాలం దీన్ని పొరల్లో వచ్చే లోపంగానే చూశారు. 1998లో పెర్త్‌సెవ్, జెంబిల్గొటొవ్, తగంత్సెవ్ లెక్కకట్టి, ఇలా బిగుసుకున్న పొరకు నియమాలే వేరని చూపారు.

స్ట్రాన్షియం టైటనేట్ మొండిఘటం. దాన్ని పరమశూన్యం దగ్గరకు చల్లార్చినా ఫెర్రోవిద్యుత్ రాదు. క్వాంటం కదలికలే అడ్డుపడుతున్నాయని 1979లో ముల్లర్, బుర్కార్డ్ తేల్చారు. (ఈ ముల్లరే 1987లో అతివాహకాలకు నోబెల్ అందుకున్నాడు.) అలాంటిదాన్ని 2004లో డారెల్ ష్లోమ్ బృందం డిస్ప్రోసియం స్కాండేట్ మీద పొరగా పెంచింది. పొర సాగింది ఒక శాతం చొప్పున. ఫెర్రోవిద్యుత్ గది ఉష్ణోగ్రత దగ్గరే వచ్చేసింది! అదే ఏడాది నొక్కిపెట్టిన బేరియం టైటనేట్ పొరలో 120 డిగ్రీల హద్దు దాదాపు 500 డిగ్రీలు పైకి జరిగింది. మెమరీ చిప్‌లకు వాడే ఫెర్రోవిద్యుత్ పదార్థాల్లో ముఖ్యమైనదానిలో సీసం ఉంటుంది. బేరియం టైటనేట్‌లో అది లేదు. అందుకే ఆ ఫలితం అంత ఆశ పుట్టించింది.

పొర మందం పెరిగితే మాత్రం అణువుల వరసలు తప్పి బిగువు సడలిపోతుంది. లాభమంతా ఆ పలుచదనంలోనే ఉంది.

2011లో జర్మనీ పరిశోధకులు, అప్పటికే చిప్‌లలో వాడుతున్న హాఫ్నియం ఆక్సైడ్‌కు కాస్త సిలికాన్ కలిపి, పది నానోమీటర్ల పొరగా వేసి, పైన ఎలక్ట్రోడ్‌ను మూతలా ఉంచి వేడిచేశారు. అందులోనూ ఫెర్రోవిద్యుత్ కనిపించింది. మూత లేకుండా వేడిచేస్తే స్ఫటికం మామూలు రూపంలోకే వెళ్లింది.