ఉత్తరం రాని మంత్రసాని

ధవళేశ్వరంలో నేను పడింది మా వీధి మంత్రసాని చేతుల్లో. బొడ్డు కోసినందుకు కుంచెడు బియ్యం, ఒక చీర ఇచ్చామని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలబామాలో స్థిరపడ్డాక, ఇక్కడి చరిత్ర చదువుతుంటే ఆ మంత్రసానే గుర్తొస్తోంది.

ఈ రాష్ట్రపు పల్లెల్లో తరాలపాటు పురుళ్లు పోసింది నల్లజాతి మంత్రసానులే. గ్రానీ మిడ్‌వైఫ్‌లనేవారు వాళ్లని. ప్రభుత్వం మొదట్లో వద్దనలేదు, పర్మిట్ ఇచ్చింది. దాంతోపాటే సంచీ తనిఖీ మొదలైంది. ఆరోగ్య శాఖ నర్సు సంచీ విప్పి చూసేది: తెల్ల ఏప్రన్, కత్తెర, బిడ్డ కళ్లలో వేసే చుక్కల మందు ఉండాలి. ఆకులూ వేర్లూ కనబడ్డాయా, తంటానే. మా మంత్రసాని ఆముదం సీసా గట్టెక్కేదా అని నా అనుమానం! గ్రీన్ కౌంటీలో మార్గరెట్ చార్ల్స్ స్మిత్ ఇలాంటి సంచీతోనే 3,000 పైచిలుకు పురుళ్లు పోసింది.

1976లో చట్టం మారింది. కొత్త పర్మిట్లు ఆగిపోయాయి, ఉన్నవి ఒక్కొక్కటే పోయాయి. మొబీల్‌లో ఆనీ లీ లోగన్‌కు 1984లో ఉత్తరం వచ్చింది, ఇక నీ సేవ అక్కర్లేదని. ఆవిడ తన కథ చెబితే 1989లో 'మదర్‌విట్' అనే పుస్తకమైంది.

ఆస్పత్రులు ప్రాణాలు నిలబెట్టాయి, కాదనను. బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని మాత్రం ఏం చేయగలదు? కానీ ఇప్పుడిక్కడ చాలా కౌంటీల్లో కాన్పుల వార్డే లేదు. 2017లో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లకు లైసెన్సులిచ్చే చట్టం వచ్చింది. సరే, పురుడు కేంద్రాలు పెడతామంటే, అవి ఆస్పత్రుల కిందే లెక్క అంది ఆరోగ్య శాఖ. బర్మింగ్‌హామ్‌లో నడుస్తున్న కేంద్రం 2023లో ఆగిపోయింది. డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కోర్టుకెక్కారు. అవి ఆస్పత్రులు కావని మాంట్‌గోమరీ జడ్జి 2025 మేలో తీర్పిచ్చారు.

మన దగ్గర ఇంత రభస జరగలేదు. 2005లో జననీ సురక్ష యోజన డబ్బులొచ్చాయి, 108 బండి వచ్చింది. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్పత్రి కాన్పులు 96.5 శాతం, సిజేరియన్లు 42.4 శాతం. మంత్రసానిని ఎవరూ రమ్మనలేదు, మానమనీ అనలేదు. ఏదొచ్చినా పట్టాలనే సామెతలో మాత్రం మిగిలింది, అదీ నవ్వుకోడానికి.

పోయినేడు ఊరెళ్లినప్పుడు మా మంత్రసాని గురించి అమ్మనడిగాను. ఆనకట్టకి పోయే దారిలో ఉండేది ఇల్లు, ఎడంచేతి వాటం, చుట్ట కాల్చేది అని చెప్పింది. పేరు మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు.